అడుగు మీద బెత్తెడు

బొల్లాపల్లి,
1-3-1987, ఆదివారం.

రాజమ్మత్తకు వందనాలు.

నా ఉద్యోగం సంగతి నాన్న ముందే రాసి ఉంటాడు. ఆయన రాసిన దాంట్లో సగం తీసెయ్. కరువు పని కింద ఊరికి రెండు మైళ్ల అవతల కుంట తవ్విస్తున్నారు. పొద్దున హాజరు పట్టీ రాయడం, సాయంత్రం గోతులు కొలవడం నా పని. అదీ జూన్ ఆఖరు దాకానే. నరసరావుపేటలో బి.ఏ. పాసయి గోతులు కొలవడమేమిటని అమ్మకు నామోషీ. రెండేళ్లు ఇంట్లో కూర్చుని ఎవరొచ్చినా కాఫీలు అందించిన దానికంటే ఇది నయమే కదా అత్తా.

సుబ్బరత్నమ్మ గారనే ఆవిడ ఇంటి వసారాలో గది తీసుకున్నాను. తలుపు వేస్తే లోపలేం చేస్తున్నావంటుంది, తీస్తే బయటికేం చూస్తున్నావంటుంది. మిగతా విషయాల్లో మంచిదే.

సాయంత్రాలు తోచక ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక మనిషి ఇంత పని చెయ్యాలి అని చెప్పడానికి ఇక్కడ ఎవరు ఏ మాట వాడతారో రాస్తున్నాను. దున్నేవాళ్లు అరక అంటారు, ఒక జత ఎద్దులు ఒక పూటలో దున్నేంత. కలుపు తీసే ఆడవాళ్లు మునుం అంటారు. పిండి రుబ్బే సుబ్బరత్నమ్మ గారికి వాయి. మొత్తం పని ఒకరి నెత్తిన పడేస్తే అది గుత్త. మా ఇంజనీరు ఏఈ గారి కాగితాల్లో అవుట్‌టర్న్. మేస్త్రీ బాలకోటయ్యకు అంత నోరు తిరగక "అవుటు" అంటాడు. "ఇయ్యాల అవుటు కాకపోతే హాజరు లేదు" అని పొద్దున్నే అందరికీ వినపడేలా అరుస్తాడు. నీ కాలంలో, కుడికాలవ తవ్వేటప్పుడు, మీరు ఏమనేవాళ్లు?

మా పద్ధతి నీకు తెలిసిందే. జంటకు రోజుకొక గొయ్యి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు సున్నంతో గీస్తాం. ఒకరు తవ్వుతారు, ఒకరు తట్టతో కట్ట మీదికి మోస్తారు. నడుమ ఒక మట్టి దిమ్మ తవ్వకుండా వదిలేస్తారు. పైన గడ్డి కూడా అలాగే ఉంటుంది. సాయంత్రం ఆ గడ్డి మొదలు నుంచి అడుక్కి టేపు వేస్తే ఎంత తవ్వారో తెలుస్తుంది. మొన్నటి దాకా అడుగు లోతు తవ్వితే చాలు. ఈ నేల మీద ఒక జంట నిజంగా ఎంత తవ్వగలదో ఒకరోజు తవ్వించి చూడాలన్నారు ఏఈ గారు. నరసయ్య, సుబ్బులమ్మ అనే మొగుడూపెళ్లాల చేత తవ్వించడం జరిగింది. పొద్దుగూకక ముందే అడుగు మీద బెత్తెడు తవ్వి పడేశారు. ఏఈ గారు సంతోషపడ్డారు. "చదువుకున్న పిల్ల ఉంటే పని ఇట్లా ఉంటుంది" అన్నారు నలుగురిలో. ఇప్పుడు అందరికీ అదే కొలత. అడుగు మీద నాలుగు వేళ్ల మందం, పట్టీలో రాస్తే ఏమంత కనపడదు.

జక్కయ్య మామను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
ఫిలోమినా

*

విజయపురి సౌత్,
8-3-1987.

ఫిలోమినాకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం మీ మామ నా చేత రెండు సార్లు చదివించుకున్నాడు. కళ్లజోడు కనపడలేదంట. నెత్తి మీదే ఉంది. లస్కరు పనిలో ఇరవై ఏళ్లు కాలవ గేటు చక్రాలు తిప్పిన మనిషికి కళ్లజోడు పైకెత్తి పెట్టుకుంటే అక్కడే ఉంటదని తెలవదు.

నా రాతలో తప్పులుంటే దిద్దుకో. నాది క్యాంపులో రాత్రిబడి చదువు.

మేం రోజు పనిని గొయ్యి అనే అనేవాళ్లం. "గొయ్యి అయిందా" అంటే అన్నం తిన్నావా అన్నట్టే. ఇంకేం మాటలు లేవు. ఉన్నా గుర్తు లేవు.

నాకు మూడు సంగతులు రాయి. ఆ జంటను ఎవరు ఏరారు? వాళ్లు తవ్విన రోజుకు ముందు వాన పడిందా? వాళ్ల గొయ్యి మెత్తటి వండ్రు మట్టిలో పడిందా, గట్టి మొరంలో పడిందా?

బెత్తెడు కనపడదని రాశావు. అది పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు ఉన్న బెత్తెడు. తట్టలకెత్తితే ఎన్నవుతయ్యో ఒకరోజు నువ్వే మోసి చూడు.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో. రంగు పోయిద్దని కాదు, కళ్లు తిరుగుతయ్.

అత్త,
రాజమ్మ

*

బొల్లాపల్లి,
16-3-1987.

రాజమ్మత్తా,

వందనాలు. నువ్వు రాసినట్టే మోసి చూశాను. బాలకోటయ్య లెక్కన ఆ బెత్తెడు అరవై తట్టల పైమాట. నేను పందొమ్మిదో తట్ట దగ్గర ఆపేశాను. ఆడవాళ్లంతా పని ఆపి నిలబడి చూశారు. "మా అవుటు కొలిచే అమ్మాయి అవుటయిందే" అంది సుబ్బులమ్మ. మెడ ఇప్పటికీ ఒక పక్కకే తిరుగుతోంది.

నువ్వడిగినవి రాస్తున్నాను. ముందురోజు జల్లు పడిన మాట నిజమే. వాళ్ల గొయ్యి పడమటి అంచున, వండ్రులో పడింది. ఇప్పుడు పని నడిచేది నడుమ, మొరం మీద. పలుగు వేస్తే నిప్పులు రాలతాయి. మరి కొలత కొలతే కదా, ఎక్కడో ఒక చోట చూసి తేల్చాలి కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. నువ్వైతే ఒప్పుకోవని తెలుసు.

వరసగా మూడు రోజులు కొలత అందని జంటను పట్టీలోంచి తీసేసి కొత్త జంటను పెట్టుకోవచ్చని రూలు. పని కావాలని బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. నలభై జంటల్లో మిగతావాళ్లు చీకటి పడేదాకా వంగి ఎలాగో అందుకుంటున్నారు. ఒక్క జంటకే రావడం లేదు. నాగులమ్మ, వాళ్లమ్మ అంజమ్మ. ఇంట్లో మగదిక్కు లేదు. వాళ్ల రెండెకరాల మెట్టలో ఈ ఏడు కంది కూడా మొలవలేదు. ఈ పని పోతే నాగులమ్మ పిల్లను తల్లి దగ్గర వదిలి మాచర్ల అవతల క్వారీలకు వలస పోవాలి. ఆ పిల్లకు మూడేళ్లు. తట్ట పక్కనే ఆడుకుంటూ ఉంటుంది.

మొన్న శుక్రవారం రెండు రోజులు తప్పి మూడో రోజు. టేపు తీసుకుని వాళ్ల గోతిలోకి దిగాను. దిమ్మ మీద గడ్డి పచ్చగా ఉంది. చుట్టుపక్కల దిమ్మల మీద ఎండిన గడ్డి. పక్కనున్న తుమ్మచెట్టు నీడలో గడ్డిపెళ్ల ఒకటి కోసి తెచ్చి, తడి మట్టితో దిమ్మ మీద అతికించారు. బెత్తెడు మందం, చక్కగా. అంజమ్మ నా మొహం చూడకుండా తట్ట దులుపుకుంటోంది.

"పెద్దమ్మా, ఈ గడ్డికి నీళ్లు పోస్తున్నారా?" అన్నాను.

"మంచి దిమ్మ దొరికిందిలే అమ్మాయ్. కొలువు" అంది.

నేను కొలిచాను. అడుగు మీద బెత్తెడు. అలాగే రాశాను.

తప్పు చేశానా? దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

ఫిలోమినా

*

విజయపురి సౌత్,
22-3-1987.

ఫిలోమినాకు,

మూడు అడిగితే రెంటికే రాశావు. మొదటిదానికి రాయలేదు. నేను బడి ఆలస్యంగా చదువుకున్నా గానీ లెక్క తెలుసు.

దిమ్మకు టోపీ పెట్టడం మేమూ ఎరుగుదుం. నువ్వు కళ్లు మూసుకున్న సంగతి రేపటికి కుంటంతా తెలిసిద్ది. ఎల్లుండికి నలభై దిమ్మలకు టోపీలు లేస్తయ్. నలభై టోపీలు కనపడని ఆఫీసరు ఉండడు. అప్పుడు పోయేది ముందు టోపీ పెట్టిన వాళ్లే. దయ చూపించాననుకున్నావు, వాళ్లను ఎర వేశావు. కోపంగా రాయడం లేదు. జరిగేది రాస్తున్నా.

నీ నోటుబుక్కులో మునుం అని ఒక్క మాట రాసుకుని ఊరుకున్నావు. అది ఎట్టా నడుస్తదో రాసుకున్నావా? కలుపుకు పది మంది వరసన నిలబడితే తలా రెండు సాళ్లు పట్టుకుంటారు. అందరూ ఒకసారి వంగి ఒకసారి లేవాలి. ఒకతి వెనకబడితే అటు మనిషి ఒక సాలు, ఇటు మనిషి ఒక సాలు కలుపుకుని ఆమెను వరసలోకి తెచ్చుకుంటారు. వెనకబడ్డ మనిషిని వదిలి ముందుకు పోయిన దాన్ని ఆ ఊళ్లో ఇంకోసారి మునుంలో నిలబెట్టుకోరు. గోతుల్లో అది కుదరదు. ఎవరి గొయ్యి వాళ్లదే. పక్క గోతిలో మనిషి నడుం పట్టుకుని కూలబడినా నీ సున్నపు గీత దాటి నువ్వు తవ్వకూడదు.

ఆ అంజమ్మది ఏ ఊరు? పలుగు ఎడమచేత్తో పట్టుద్దా? ఊరికే అడుగుతున్నా.

అత్త

*

బొల్లాపల్లి,
29-3-1987, ఆదివారం. పూజ నుంచి రాగానే రాస్తున్నాను.

అత్తా,

నువ్వు రాసినట్టే జరిగింది. టోపీలు నలభై దాకా పోలేదు, ఏడు. బుధవారం ఏఈ గారు వచ్చారు. నాగులమ్మ గోతి దగ్గర నిలబడి, మాట్లాడుతూ మాట్లాడుతూ బూటు కాలు దిమ్మకు ఆనించారు. గడ్డిపెళ్ల ఊడి ఆయన కాలి మీదే పడింది. ఎవరూ నవ్వలేదు. ఆయనే తీసి పక్కన పెట్టి, "ఎవరు కొలిచారు?" అన్నారు.

"నేనే సార్" అన్నాను.

"కనపడలేదా?"

"కనపడింది సార్."

ఆయన మిగతా దిమ్మలు కూడా తట్టి చూసుకుంటూ పోయారు. చెడ్డ మనిషి కాదు అత్తా. గదమాయిస్తే నాకు తేలికగా ఉండేది. ఆరు జంటలకు హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. నాగులమ్మ జంట కొలత ఇంతకు ముందే తప్పింది కాబట్టి వాళ్లకు ఒక్క అవకాశం. ఏప్రిల్ ఆరు నుంచి ఎనిమిది దాకా, మూడు రోజులు, ఏ రోజు గోతికి ఆ రోజు టోపీ లేని దిమ్మ. తొమ్మిదో తేదీ పొద్దున ఆయనే వచ్చి కొలుస్తారు. అందకపోతే పేరు తీసేస్తారు. నిన్న సాయంత్రం నుంచి నాగులమ్మకు వడగాలి జ్వరం. లేచి కూర్చోలేకపోతోంది. బదిలీ మనిషిని తెచ్చుకుంటే ఒప్పుకుంటానని బాలకోటయ్య అన్నాడు. వాళ్లకు బదిలీగా వచ్చేదెవరు?

ఇప్పుడు నువ్వడిగిన మొదటి ప్రశ్న. ఆ జంటను ఏరింది నేను.

ఏఈ గారు "మామూలు జంటను ఎవరినైనా తియ్యి" అన్నారు. నలభై జంటల్ని చూసి, మాచర్ల వైపు రాతి క్వారీల్లో ఆరేళ్లు పలుగు పట్టివచ్చిన నరసయ్యను పిలిచాను. మెత్తటి నేల చూసి నేనే సున్నం గీశాను. ఎవరి మీదా కసితో కాదు. నా మొదటి ఉద్యోగంలో నేను కొలిచిన మొదటి కొలత పెద్దదిగా ఉండాలనుకున్నాను. అంతే. "తవ్వించడం జరిగింది" అని నీకు రాశానే, ఆ వాక్యం కోసం ఒక కాగితం చించి రెండోది తీశాను.

అంజమ్మది ఇక్కడికి నాలుగు మైళ్లలో ఊరు. అవును, ఎడమచేతి వాటం. నిన్న నాగులమ్మను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లి, మాటల్లో నీ పేరు చెప్పాను. విజయపురిలో మా మేనత్త రాజమ్మ కుడికాలవ పనిలో తవ్వింది అని. అంజమ్మ కూతురి నుదుటి మీద తడిగుడ్డ తిప్పి వేస్తూ ఉంది.

"కుడిచెంప మీద పులిపిరి ఉంటదా?" అంది.

"ఉంది" అన్నాను.

"అయితే మీ వంశానికి ఇది కొత్త కాదులే. మా గోతికి అడుగున్నర పెట్టించింది ఆమే గదా."

 నేను లేచి వస్తుంటే, "ఇప్పటికీ తవ్వుద్దా?" అని అడిగింది.

అత్తా, ఏమిటిది? నా చేత మూడు ప్రశ్నలకు జవాబులు రాయించుకున్నావు. నేను అడిగిన ఒక్క దానికి "గుర్తు లేవు" అని రాశావు.

ఫిలోమినా

*

విజయపురి సౌత్,
2-4-1987.

ఫిలోమినాకు,

గుర్తుంది.

అరవయ్యో సంవత్సరం, ఎండాకాలం. నేనూ అంజమ్మా జంట. దానిది ఎడమచెయ్యి, నాది కుడిచెయ్యి. ఎదురెదురు నిలబడి పలుగు వేస్తే ఒకరిది ఒకరికి తగలదు. మా జంటను చూడ్డానికి పక్క గుంపుల వాళ్లు వచ్చేవాళ్లు. ఒకే డేరాలో వండుకున్నాం. నా పెళ్లికి నూనె రాసింది అదే.

దానికి అయిదో నెల వచ్చింది. తట్ట ఎత్తితే ఆయాసం. మా గొయ్యి అడుగు దగ్గర ఆగిపోయేది. అప్పటి కొలత అడుగే. ఎట్టాగో అందేది. మా గుంపు మేస్త్రీ ఒకరోజు వచ్చి, "రాజమ్మా, దాని బరువంతా నువ్వు మోస్తన్నావు. నీ అసలు సత్తువెంతో ఒకసారి చూపిచ్చు" అన్నాడు. పాలమూరు నుంచి వచ్చిన ఒకామెతో నన్ను జంట కట్టాడు. అంజమ్మ అక్కడే ఉంది. నేను దానితో ఒక్క మాట అనలేదు. పలుగు తీసుకుని గీత దాటి అటు పోయా.

ఆ రోజు నేను అడుగున్నర తవ్వా. నన్నెవరూ బలవంతం పెట్టలేదు. నాకు నేను మొగోళ్లను మించి తవ్వుతున్నానని చానా గొప్పగా ఉంది. మేస్త్రీ నీలం చీర పెట్టాడు. మరుసటి రోజు నుంచి గుంపంతటికీ అడుగున్నర. పన్నెండో రోజున అంజమ్మ మూట కట్టుకుంది. కట్ట మీద నడిచిపోతుంటే చూశా. పిలిస్తే వెనక్కి తిరిగేదేమో. నా గొయ్యి ఇంకా కాలేదు, పొద్దు దిగుతోంది. పిలవలేదు.

ఆ కడుపులో బిడ్డే నాగులమ్మ అయి ఉంటది. ఇరవై ఏడేళ్లు ఉంటయ్యా? నువ్వు వయసు రాయలేదు. నేను లెక్క వేసుకున్నా.

ఇది మీ మామకు కూడా పూర్తిగా తెలవదు. చీర తెలుసు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు వస్తన్నా. నాగులమ్మకు బదిలీగా నా పేరు రాయి. నాకు యాభై రెండు. అంజమ్మకు ఇంకో రెండు. ఏఈ గారితో చెప్పు, అంతకు ముందు చూసిన జంట ఒక రకం, ఈ జంటను కూడా చూసి రాసుకోమని. మెత్తటి చోటు వద్దు. మొరం మీద గియ్యి.

నాకోసం నువ్వు అంజమ్మతో ఏం మాట్లాడొద్దు. దిమ్మ దగ్గర కళ్లు మూసుకోవద్దు.

అత్త

*

బొల్లాపల్లి,
26-4-1987.

రాజమ్మత్తకు వందనాలు.

ఇన్నాళ్లు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. పై నుంచి కాగితం వచ్చేదాకా రాయకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. నిన్న వచ్చింది.

బుధవారం సాయంత్రం నువ్వు బస్సెక్కిన తర్వాత నీ గోతుల దగ్గరికి మళ్లీ వెళ్లాను. మూడు దిమ్మలు, మూడింటి మీదా ఎండిన గడ్డి. అంజమ్మ అక్కడే ఉంది, పలుగు మొన రాయికేసి నూరుకుంటూ. మీ ఇద్దరూ మూడు రోజులు ఒక్క మాట మాట్లాడుకోకుండా తవ్వారని కుంటంతా చెప్పుకుంటోంది. "నీళ్ల ముంత అందించుకున్నారు గదా, అది మాట కాదా?" అని సుబ్బులమ్మ వాదించింది.

"పెద్దమ్మా, మా అత్త ఎలా తవ్వింది?" అని అడిగాను. మాట్లాడొద్దన్నావు గానీ, అది నువ్వు రాకముందు కదా.

"పలుగు పట్టడం మర్చిపోయింది. చేతులు చూశావా, పొక్కులు. గేటు లస్కరు పెళ్లాం, కుర్చీలో కూచున్న చేతులు" అంది. పలుగు మొన వేలితో చూసుకుని, "నిలబడే చోటు మాత్రం మర్చిపోలా" అంది.

మర్నాడు ఏఈ గారు వచ్చారు. టేపు నా చేతిలోంచి తీసుకుని ఆయనే దిగారు. ముందు దిమ్మల్ని బూటుతో తట్టి చూశారు. మూడు గోతులు కొలిచారు. సోమవారంది ఇంకాస్త తక్కువ, మంగళ, బుధవారాలవి సమానం. మొత్తం మీద నీ జంట కొలత ఇది: అడుగుకు బెత్తెడు తక్కువ.

బాలకోటయ్య పట్టీ తెరిచి నాగులమ్మ పేరు మీద పెన్ను పెట్టాడు. అప్పుడు నేను రాత్రే రాసి ఉంచుకున్న కాగితం ఏఈ గారికి ఇచ్చాను. మొదటి జంటను నేను ఏరానని, వాళ్లు క్వారీ పనివాళ్లని, ముందురోజు వాన పడిందని, వండ్రు నేల నేనే చూసి గీశానని, కాబట్టి ఆ కొలత మామూలు జంటది కాదని. కింద సంతకం. తేదీ.

ఆయన నిలబడే చదివారు. "ఇది ఫైల్లో పెడితే నీకు మంచిది కాదమ్మా" అన్నారు.

"పెట్టకపోతే వాళ్లకు మంచిది కాదు సార్."

"మరి ఇప్పుడు ఈ ముసలాళ్లు మామూలు జంటా?"

నిజమే అత్తా. మీరూ మామూలు జంట కాదు. అప్పుడు నరసయ్య నోరు తెరిచాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి. "సారూ, మేం ఒకళ్లం, ఆళ్లు ఒకళ్లు. మాది బెత్తెడు ఎచ్చు, ఆళ్లది బెత్తెడు తక్కువ. మా ఎచ్చు తీసి ఆళ్ల గోతిలో పొయ్యండి. మాకేం బాధ లేదు" అన్నాడు. సుబ్బులమ్మ మోచేత్తో పొడిచింది గానీ ఆపలేదు.

ఏఈ గారు జేబులోంచి పెన్ను తీసి, సిగరెట్ పెట్టె వెనకాల కూడి, రెండుతో భాగించారు. మళ్లీ కూడారు. అడుగు. మొదట ఉన్న అడుగే. ఆయనకు నవ్వొచ్చినట్టుంది గానీ నవ్వలేదు. "రెండు పరీక్షల సగటు అని పంపిస్తా. అది వచ్చేదాకా ఎవరి పేరూ తియ్యొద్దు" అన్నారు.

నిన్న వచ్చిన కాగితంలో ఆ మాటే ఉంది. జంటకు అడుగు. రెండో పేరాలో నా సంగతి. జూన్ తర్వాత నన్ను ఏ పనిలోకీ తీసుకోనవసరం లేదని. ఊహించిందే. చదివాక సుబ్బరత్నమ్మ గారి రోలు దగ్గర కూర్చుని ఒక వాయి పిండి రుబ్బాను. ఆవిడ ఏమీ అడగలేదు. అది ఆమె విషయంలో పెద్ద సంగతి.

నాగులమ్మ లేచింది. సోమవారం నుంచి పనిలో ఉంది. మొరం మీద అడుగంటే ఆ ఇద్దరికీ ఇప్పటికీ గట్టిగానే ఉంది. పొద్దు దిగాక కూడా తవ్వుతుంటారు. నిన్న సుబ్బులమ్మ తన గొయ్యి కాగానే సున్నపు గీత దాటి వెళ్లి నాగులమ్మ తట్టలు పది మోసింది. బాలకోటయ్య నా వైపు చూశాడు. ఎవరు మోశారో రాయడానికి పట్టీలో గడి లేదు కదా అన్నాను.

నా నోటుబుక్కులో ఒక చిక్కు వచ్చింది. ప్రతి మాట పక్కనా అదెంతో రాసుకుంటూ వస్తున్నాను. గొయ్యి దగ్గర నీ పేరుతో ఏ కొలత రాయమంటావు? అరవయ్యో సంవత్సరపు అడుగున్నరా, ఇప్పటిదా?

ఫిలోమినా

*

విజయపురి సౌత్,
10-5-1987.

ఫిలోమినాకు అత్త దీవెనలు.

పొక్కులు ఎండినయ్. పెన్ను పట్టుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. అంతకుముందు మీ మామ చేత రాయిద్దామంటే ఆయన ప్రతి ముక్కకూ "ఇది ఎందుకు" అంటాడు. మూడు రోజులూ ఆయన చేతి వంట ఆయనే తిన్నాడంట. ఇప్పుడు నేను కూర్చుంటే మంచినీళ్లు తెచ్చిస్తన్నాడు. ఏం తెలిసిందో ఏమో.

నీ ఉద్యోగం పోయిందని మీ నాన్న బాధపడుతూ రాశాడు. నేనేం రాయలేదు. జూన్ తర్వాత ఇటు రా. ఇక్కడ ఆఫీసులో ఏదన్నా ఉందేమో మామ కనుక్కుంటాడు. లేకపోతే పై చదువుకు అప్లికేషన్ పెట్టు. రెండేళ్లు కాఫీలు ఇచ్చావు, చాల్లే.

నీ నోటుబుక్కులో అడుగున్నర రాయొద్దు. అడుగుకు బెత్తెడు తక్కువ అని రాయి. నా పేరు పక్కన అంజమ్మ పేరు కూడా రాయి. జంట కొలత కదా, ఒక పేరుతో చెల్లదు.

ఇంకొకటి. అంజమ్మకు చెప్పాల్సిన మాట, నువ్వే చెప్పు, నేను రాస్తే అది చదివించుకోదు. వానలు పడి పత్తి వేశాక, మొదటి కలుపుకు కబురు చెయ్యమను. ఎడమచేతి వాటం మనిషిని ఎప్పుడూ వరసకు ఎడమ చివర నిలబెడతారు, చెయ్యి పక్కవాళ్లకు తగలకుండా. అక్కడ దానికి ఒక పక్కే మనిషి ఉంటది. వెనకబడితే కలుపుకోవడానికి ఆ ఒక్కతే. ఆ పక్క మునుం నాకు అట్టిపెట్టమను.

ఇష్టం లేకపోతే రావొద్దని చెప్పమను. అయినా వస్తా.

అత్త,
రాజమ్మ